మూఢం దాటాక వేసిన చిప్పలు

రేవుకుప్పం,
వాకాడు మండలం.
20-4-2024

అమ్మా నాగవేణీ,

నువ్వు ఫోన్ చేసినావని మీ వదిన చెప్పింది. నా చెవులు పూర్తిగా పోయి మూడేళ్ళాయె, ఇంకా ఫోనేందమ్మా. ఉత్తరమే రాయి. మీ వదిన సగం చేతుల్తో, సగం కళ్ళతో చెప్తాది. అదేందో నాకు అర్థమయ్యేలోపల కూర చల్లారిపోతాది.

ఒక సంగతి రాయాల. ఉప్పుటేరు కట్టను కోస్తానే ఉండాది. పోయిన వానలకి పెంచలయ్య ఇంటి ముందర ఉండే రెండు తాటిచెట్లు పడిపోయినాయి. మంచినీళ్ళ బావికీ ఏటికీ నడుమ ఇప్పుడు ఇరవై అడుగులు కూడా లేదు. ఆ బావిలో ఉప్పు దిగితే నలభై ఇళ్ళోళ్ళు ఏం తాగాల? ఆఫీసర్లు వచ్చి, కట్ట ఇంకొంచెం పోతే ఊరు ఖాళీ చేయించి పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఇంటి పట్టాలిస్తామని చెప్పిపోయినారు. ఆడ చెరువు కూడా లేదు. వల యాడ వెయ్యాల, రోడ్డు మీదనా?

ఇప్పుడు జాహ్నవి అని ఒక పాప వచ్చింది. చేపల చదువు చదివిందంట, ఏదో సంస్థ పంపించింది. నాకోసం పలక కొని, చెప్పాల్సింది దానిమీద రాసి చూపిస్తాది. ఆల్చిప్పల దిబ్బను మళ్ళీ లేపుదాం అంటాది. నీకు గుర్తుండాదా, చిన్నప్పుడు ఏట్లో దిగితే కాళ్ళు కోసుకుపోయే దిబ్బలు? మన నాయన గడ్డపారతో తవ్వి పడవలకెత్తి సున్నపు బట్టీలకు తోలింది ఆ చిప్పలనే. ఊరంతా అదే పని చేసింది. కెరటం ఆ దిబ్బ మీద పడి విరిగేదంట, అందుకే కట్ట నిలబడిందంట. ఆ పాప చెప్పేదాకా మాకెవురికీ తెలీదు, మేము తవ్వుకున్నది మా గోడనేనని.

పాత బట్టీల కాడ మిగిలిన చిప్పలు కొబ్బరినార సంచుల్లో నింపి, కట్టకు ముందర ఏట్లో వరసగా పేర్చాల. ఎండలకు నీళ్ళు ఉప్పెక్కి వెచ్చగా ఉన్నప్పుడు, కంటికి కనబడనంత ఆల్చిప్ప పిల్లలు అందులో తిరుగుతా ఉంటాయంట. పాత చిప్ప దొరికితే దానికి అతుక్కుని పెరుగుతాయి. సంచులన్నీ కలిసి ఒకటే రాయి అయిపోతాయి. చేపపిల్లలు, పీతలు కూడా వచ్చి చేరతాయంట. వానలు పడి ఏరు మంచినీళ్ళయితే మాత్రం ఇంక అతుక్కోవు. అందుకే మే మూడో తేదీ శుక్రవారం మొదలుపెడతా ఉండాము.

నీ మొక్కుల్లో ఈ కట్టను కూడా చేర్చు.

మీ అన్న
కుప్పయ్య


శ్రీకాళహస్తి
25-4-2024

అన్నా,

నిన్న అంగట్లో పూలు కడుతుంటే నీ ఉత్తరం వచ్చింది. చేతులు తుడుచుకుని చదివి, మళ్ళీ సాయంత్రం స్వామి ముందు పెట్టి చదివాను. ఊరు నిలబడాలనే నా కోరిక కూడా. ఆ బావి నీళ్ళు తాగే నేను పెరిగాను.

కానీ అన్నా, మే మూడున మొదలుపెట్టవద్దు. ఈ నెలాఖరుకు శుక్ర మూఢం వస్తోంది. జులై దాకా ఉంటుంది. అది దాటగానే ఆషాఢం. ఆగస్టులో శ్రావణం వచ్చాక మంచి రోజు చూసుకుని మొదలుపెట్టు. నేను గుళ్ళో అడిగాను. మూఢంలో ఇలాంటి పని తలపెట్టకూడదని చెప్పారు.

మా రూపశ్రీ వాళ్ళ నాయన సంగతి నీకు తెలియనిది కాదు. వద్దు వద్దంటే వినకుండా మూఢంలోనే అంగడికి పునాది తీశారు. గోడలు లేవకముందే మనిషి పోయాడు. ఆ రోజు నేను గట్టిగా చెప్పలేకపోయాను. నా గొంతు ఎప్పుడూ అంతే కదా. ఈసారి గట్టిగా చెబుతున్నాను. మూడు నెలలు ఓర్చుకో.

రూపశ్రీ బంగారుపాళ్యం నుంచి మామిడికాయలు పంపింది. వాళ్ళ మామగారి తోటవి. ఆవకాయ పెట్టి మీకొక జాడీ తీసి ఉంచాను. వదిన మోకాళ్ళకు నూనె మర్దనా చేస్తోందా?

నీ చెల్లెలు
నాగవేణి


రేవుకుప్పం
6-5-2024

అమ్మా నాగవేణీ,

నీ ఉత్తరం రెండో తేదీ వచ్చింది. ఎప్పటి మాదిరే వలల పాకలో నిలబడి చదివినాను. ఎంత గట్టిగా చదివినానో నాకు తెలీదు గానీ, ఏటికి అవతల ఉండేవాళ్ళకు కూడా మూఢం సంగతి తెలిసిపోయిందని మీ వదిన నవ్వింది.

పని ఆపేసినాము. నువ్వు స్వామి పాదాల కాడ ఉండేదానివి, గుళ్ళో చెప్పినారని రాస్తివి, ఇంకేం మాట్లాడతారు? నింపిన సంచులను ఆడోళ్ళు ఆడనే దించేసినారు. నీ మాటే ఖాయమని శకుంతలమ్మత్త అందరికంటే ముందు ఇంటికి పోయింది. ఆ పాప జాహ్నవి మాత్రం ఒక్కొక్కరి ఇంటికీ పోయి బతిమలాడింది. నా దగ్గర పలక మీద రాసింది, నీళ్ళ ఉప్పు మూడు నెలలు ఆగదు అని. నేను నీ ఉత్తరం చూపించినాను. కట్ట మీద కూచుని ఏడ్చింది.

పెంచలయ్య సంగతి నీకు తెలుసు కదా, వాడికి దేవుడంటే భయం లేదు. "చిప్పలకేమన్నా పెండ్లి చేస్తా ఉండామా, ముహూర్తం చూసేదానికి?" అన్నాడంట. వాడొక్కడే ముప్ఫై సంచులు మోసుకుని వాడి ఇంటి ముందర ఏట్లో పేర్చుకున్నాడు. ఎవురూ చెయ్యి వెయ్యలేదు. నువ్వు వాడి పేరున ఒక దీపం పెట్టు.

ఆవకాయకు మీ వదిన కాచుకోని ఉండాది.

కుప్పయ్య


శ్రీకాళహస్తి
13-5-2024

అన్నా,

నా మాట విన్నందుకు మనసు కుదుటపడింది. కానీ నా ఉత్తరాలు అందరి ముందూ చదువుతావని నాకు తెలియదు. నేను నీకోసం రాశాను. నువ్వు ముందు నిలబడి చేసే పని కాబట్టి నీకేమైనా అవుతుందని రాశాను. ఊరంతా ఆగిపోతుందని అనుకోలేదు. సరే, అందరి మంచికే అనుకుందాం.

పెంచలయ్య పేరున ఆ రోజే దీపం పెట్టాను. ఆ అమ్మాయి ఏడ్చిందని చదివి జాలి వేసింది. పని ఆగితే ఉద్యోగం పోతుందని భయపడి ఉంటుంది పాపం. చిన్న పిల్ల, చదువుకున్న పిల్ల, ఇలాంటివి తెలియవు. కవరులో కుంకుమ, రక్షదారం పెట్టాను. కుడి చేతికి కట్టుకోమని చెప్పు. ఆమె ఉద్యోగం పోకూడదని కూడా మొక్కుకున్నాను.

బస్సులో వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పు, జాడీ పంపుతాను.

నాగవేణి


రేవుకుప్పం
22-8-2024

అమ్మా నాగవేణీ,

మూడు నెలలు ఉత్తరం రాయలేదని కోపం పెట్టుకోవద్దు. రాసేదానికి మంచి మాట లేకపోయింది.

ఈ నెల తొమ్మిదో తేదీ, శ్రావణ శుక్రవారం, కొబ్బరికాయలు కొట్టి మొదలుపెట్టినాము. నాలుగు వందల సంచులు. పిల్లా పెద్దా అందరూ దిగినారు. నువ్వుంటే చూసి మురిసిపోయుండేదానివి.

కానీ ఈ తూరి వానలు ముందుగానే పడి ఏరు చప్పబడింది. మొన్న జాహ్నవి ఒక సంచి విప్పి చిప్పలు నా చేతిలో పెట్టింది. నున్నగా ఉండాయి. ఒక్క పిల్ల కూడా అతుక్కోలేదు. తర్వాత పెంచలయ్య సంచుల కాడికి తీసకపోయింది. వాటిని విప్పేదానికే కాలేదు. కత్తి దిగలేదు. నా వేలు తెగింది, చిన్నప్పుడు కాలు తెగినట్టే.

ఆ పాప ఈ మధ్య నాతో ఎక్కువ రాయదు. నువ్వు పంపిన దారం కట్టుకోలేదు, పలకకు వేలాడదీసింది. మన మీద అలిగింది. పని చెడిపోవాలని కోరుకుంటా ఉండాదేమో అని కూడా ఒకసారి నాకు అనిపించింది.

ఆషాఢం పోట్లకు కట్ట ఇంకా పోయింది. బావికి పన్నెండు అడుగులు మిగిలింది. నీళ్ళు ఇంకా తాగతానే ఉండాము గానీ, అన్నం వండితే ఉప్పు వెయ్యాల్సిన పని లేదని మీ వదిన అంటాది. నవ్వుతానే అంటాది.

స్వామికి గట్టిగా చెప్పు.

కుప్పయ్య


శ్రీకాళహస్తి
18-10-2024

అన్నా,

రెండు రోజులుగా ఇక్కడ ఒకటే వాన. స్వర్ణముఖి రెండు గట్లూ ఒరుసుకుంటూ పోతోంది. వంతెన మీద నిలబడి చూసి వచ్చాను. మా వీధి మురుగు, మా పూల చెత్త, అంతా కలుపుకుని మీవైపే పోతోంది. ఇక్కడ పోయిన నీళ్ళు రేపో ఎల్లుండో మీ ఏట్లోకి వస్తాయి. చూస్తుంటే నా చేతులతో నేనే మీ మీదకు తోస్తున్నట్టు అనిపించింది.

అన్నా, నువ్వూ వదినా బయలుదేరి వచ్చేయండి. ఆ పట్టా ఏదో తీసుకోండి. కొన్నాళ్ళు నా దగ్గర ఉండండి. సంచుల మీద నమ్మకం పెట్టుకుని కూర్చోవద్దు.

నీకు ఒక మాట చెప్పాలి. రాయబోయి రెండు కాగితాలు చింపేశాను. రాయలేను. వస్తే ఎదురుగా కూర్చుని కాగితం మీద రాసి చూపిస్తాను. రా.

నాగవేణి


రేవుకుప్పం
5-12-2024

నాగవేణీ,

అక్టోబరులో నువ్వు రాసిన ఉత్తరం పాకలో చదవలేదు. నీ ఉత్తరం దాచిపెట్టడం అదే మొదటిసారి. ఊరు వదిలేసి రమ్మని నువ్వే రాస్తే, నిన్ను నమ్ముకున్నోళ్ళకు నేనేం చెప్పాల? నువ్వు రాయలేని మాట ఏందో కూడా నాకు తెలుసులే. నీ ఇల్లు చిన్నది, ఎక్కువ దినాలు ఉంచుకునేదానికి కుదరదు, అంతే కదా. దానికి రెండు కాగితాలు చింపాల్నా? మేము ఎవురింటికీ వచ్చేవాళ్ళం కాము.

కోపం మీద రాసేస్తిని. అది పక్కన పెట్టు. జరిగింది విను.

పోయిన శనివారం తుపాను. మధ్యాహ్నం అన్నాల వేళకు సముద్రం ఒక పక్క నుంచి, మీ స్వర్ణముఖి ఒక పక్క నుంచి వచ్చినాయి. మన సంచులు బంతుల మాదిరి దొర్లుకుంటా పోయినాయి. ఒకదాన్నొకటి పట్టుకోని లేవు కదా. రెండు గంటల్లో కట్ట పోయింది. పదకొండు ఇళ్ళు పోయినాయి. మొదట పోయింది శకుంతలమ్మత్త ఇల్లు. పొయ్యి మీద అన్నం గిన్నె అట్లనే ఉండగా వంటిల్లు కిందికి జారిపోయింది. మనుషులు అందరూ బడిలోకి చేరుకున్నారు, ఎవురికీ ఏమీ కాలేదు.

బావి పోయింది. ఇప్పుడు అందులో ఉండేది ఏటి నీళ్ళే. రెండు దినాలకొకసారి ట్యాంకరు వస్తాది, బిందెల కోసం కొట్టుకుంటా ఉండారు. ముప్ఫై ఏళ్ళు పక్క పక్కన బతికినోళ్ళు.

పెంచలయ్య ఇల్లు ఉండాది. ఇంటి ముందర ముప్ఫై అడుగుల కట్ట కూడా ఉండాది, రెండు పక్కలా కోసేసి నడుమ ముక్క మిగిలినట్టు. జనం పోయి చూసి వస్తా ఉండారు. చెప్తే విన్నారా అని వాడు ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు, అదే ఆశ్చర్యం.

నువ్వు దిగులు పెట్టుకోవద్దు. మంచిరోజు చూసి మొదలుపెట్టినా పోయిందంటే అది మన రాత. నాగవేణి మాట విని ఆగబట్టి ప్రాణాలు దక్కినాయి, మూఢంలో చేసుంటే మనుషులే పోయుండేవాళ్ళని బడిలో ఆడోళ్ళు నీకు దండం పెట్టుకుంటా ఉండారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెల ఇరవై ఏడో తేదీ లోపల పట్టాలకు సంతకాలు పెట్టాలంట. పెడితే ఊరు ఖాళీ. జాహ్నవి మాత్రం, ఇప్పుడే మళ్ళీ సంచులు పేర్చి కుదురుకోనిస్తే మాసి నెలకు, అంటే ఫిబ్రవరి ఆఖరుకు, నీళ్ళు ఉప్పెక్కేసరికి పిల్లలు అతుక్కుంటాయి, ఉండేవాళ్ళు ఉంటే నేనూ ఉంటా అని రాసింది. కానీ ధనుర్మాసం వస్తా ఉండాది కదా, శూన్య మాసం. నాగవేణిని అడిగి చెయ్యమంటా ఉండారు అందరూ. నీ ఉత్తరం కోసం కాచుకోని ఉండారు. మళ్ళీ గుళ్ళో అడిగి వెంటనే రాయి.

కుప్పయ్య


శ్రీకాళహస్తి
9-12-2024

అన్నా,

ఈ ఉత్తరం దాచవద్దు. వలల పాక మిగిలి ఉంటే అక్కడ, లేకపోతే బడిలో, అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదువు. నీకు ఎంత గొంతు ఉంటే అంత గట్టిగా.

నేను గుళ్ళో ఎవరినీ అడగలేదు.

ఏప్రిల్లో నీ ఉత్తరం వచ్చిన రోజు, అంగట్లో వేలాడే క్యాలెండరులో మూఢం అని ఎర్ర అక్షరాలతో ఉండటం చూశాను. పూలు కొనడానికి వచ్చిన ఒకామె, మూఢంలో ఏ పనీ ముట్టుకోకూడదని పక్కామెతో చెబుతుంటే విన్నాను. అంతే. రూపశ్రీ వాళ్ళ నాయన ముఖం కళ్ళ ముందు నిలిచింది. ఉత్తి నా మాటగా రాస్తే అన్న నవ్వి పక్కన పడేస్తాడని, గుళ్ళో చెప్పారని రాశాను. నా జీవితంలో దేవుడి పేరు పెట్టి ఆడిన అబద్ధం అదొక్కటే. నీ ఒక్కడి కోసం ఆడాను. అది నలభై ఇళ్ళ మీద పడింది.

నీ ఆగస్టు ఉత్తరం చదివాక నిద్ర పట్టలేదు. చివరికి అక్టోబరులో మా వీధి చివర పంతులు గారి దగ్గరకు వెళ్ళి అంతా చెప్పి అడిగాను. ఆయన, "పెళ్ళికీ, కొత్త ఇంటికీ మూఢం చూస్తామమ్మా. పడిపోయినదాన్ని మళ్ళీ నిలబెట్టుకోవడానికి మూఢం ఏమిటి?" అన్నారు. అక్కడ ముందు దిబ్బ ఉండేదని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. మన నాయన తవ్విన దిబ్బ. అది కొత్త పని కాదు. నేను అడిగి ఉంటే ఏప్రిల్లోనే ఈ మాట చెప్పేవారు. మా వీధి చివర దాకా నడిచి వెళ్ళడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

నేను రాయలేకపోయిన మాట అది. చోటు లేక కాదు అన్నా. నువ్వు అలా అనుకున్నావని చదివి కూడా నాకు కోపం రాలేదు. అనుకోనివ్వు అనిపించింది. నిజం కంటే అదే మేలనిపించింది.

నా మాట విని ఆగబట్టి ప్రాణాలు దక్కాయని ఆడవాళ్ళు నాకు దండం పెడుతున్నారని రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం కింద పెట్టేశాను. వాళ్ళను అలా అనవద్దని చెప్పు. శకుంతలమ్మత్తకు ముఖ్యంగా చెప్పు. నన్ను క్షమించమని అడగను. ఆ మాట అడగడానికి కూడా ఒక ముఖం ఉండాలి.

గుడికి వెళ్తున్నాను, గోపురం దాకా. లోపలికి పోలేక తిరిగి వస్తున్నాను.

ఇప్పుడు మొదలుపెట్టమనీ చెప్పను, వద్దనీ చెప్పను. నా మాటకు ఇక మీ ఊళ్ళో విలువ ఉండకూడదు. ఆ అమ్మాయిని అడగండి. ఏడ్చింది ఉద్యోగం కోసమని రాసింది కూడా నేనే. ఆ దారం తీసి ఏట్లో పారేయమని చెప్పు.

నాగవేణి


రేవుకుప్పం
18-12-2024

నాగవేణీ,

నీ ఉత్తరం పన్నెండో తేదీ వచ్చింది. మొదట నోట్లోనే చదువుకున్నాను. చదివి, మడిచి, కప్పు వాసంలో దోపినాను. రెండు దినాలు నీ పేరు పలకలేదు. మీ వదిన ఏమైందని అడిగితే చెయ్యి విసిరినాను. ఇంత వయసులో ఆమెను విసుక్కున్నది అదే మొదలు.

అది దాచిపెడితే ఊరోళ్ళు నిన్ను నమ్ముకుని సంక్రమణం దాకా ఆగుతారు, ఆలోపల సంతకాలు అయిపోతాయి. చదివితే నా చెల్లెలు పోతాది. పదిహేనో తేదీ పొద్దున బడిలో నిలబడి చదివినాను. మొదటి నుంచి చివరి దాకా. నువ్వు చెప్పినట్టే, గట్టిగా.

ఎవురేమి తిట్టినారో నాకు వినబడదు కదా, మొహాలు చూసినాను. మీ వదిన చేతులు కదల్లేదు. అంటే ఆమె నాకు చెప్పదగ్గ మాటలు కావు. పద్నాలుగు ఇళ్ళోళ్ళు ఆ దినమే పోయి సంతకాలు పెట్టేసినారు. వాళ్ళను తప్పుపట్టను. పిల్లలకు నీళ్ళు కావాల. పెంచలయ్య మాత్రం నా పక్కన వచ్చి కూచుని, నా చేతిలో బీడీ పెట్టినాడు.

జాహ్నవిని నేనే అడిగినాను, మేలోనే నాలుగు వందల సంచులూ వేసుంటే ఊరు నిలబడేదా అని. "తెలియదు. కొంత నిలబడేదేమో" అని రాసింది. నీకు ఓదార్పుగా రాయడం లేదు. ఆ పాప రాసింది రాసినట్టు రాస్తా ఉండాను.

నిన్న మంగళవారం మళ్ళీ మొదలుపెట్టినాము. మిగిలిన ఇళ్ళోళ్ళం. ఏరు బాగా తగ్గేది నాలుగింటికని ఆ పాప చెప్తే, మూడున్నరకే దిగినాము. అది రాహుకాలమని ఎవురికో గుర్తొచ్చింది. ఎవురూ గట్టుకు ఎక్కలేదు. కొబ్బరికాయ కూడా కొట్టలేదు. సంచి మీద సంచి, చేతి మీద చెయ్యి, నీళ్ళు ఐసు మాదిరి ఉండాయి. శకుంతలమ్మత్త అందరికంటే ముందర దిగింది. ఆమె వంటిల్లు ఉండిన చోట నడుం దాకా నీళ్ళలో నిలబడి సంచులు అందుకుంది. పొద్దు గుంకేసరికి నలభై సంచులు పేర్చినాము. నిలబడతాయో లేదో తెలీదు. ఇరవై ఏడో తేదీకి సంతకం పెట్టేది లేదని మేము రాసిచ్చినాము. దానికి ఆఫీసర్లు ఏమంటారో అది కూడా తెలీదు.

పైకెక్కి తలగుడ్డ పిండుకుంటా, శకుంతలమ్మత్త నన్ను చూసి ఏందో అనింది. జాహ్నవి పలక మీద రాయనంటే ఆమే పలక లాక్కుని, రాయడం రాక, ఒక బడి పిల్లోడి చేతికిచ్చి రాయించింది. "ఉత్తరాలు చాలు. వచ్చి సంచులు మొయ్యమను."

వచ్చే మంగళవారం ఏరు తగ్గేది పొద్దున పదింటికి. ముందు దినమే నాయుడుపేటలో బస్సు మారి వాకాడుకు రా. తాగేదానికి నీళ్ళు నువ్వే తెచ్చుకో.

కుప్పయ్య